వియ్యపురాలి వీపు

పిట్టకి ఆ ఉద్యోగం ఇప్పించింది నేనే. ఈ మాట ముందే చెప్పేస్తున్నాను. కథ అయ్యేలోపల ఇంకోసారి ఎలాగూ చెబుతాను, ఓర్చుకోండి.

పిట్ట అంటే నా తోడికోడలు, మా మరిది భార్య. మనిషి గుప్పెడు, కళ్ళు చారెడు. ఇంట్లో ఊరికే కూర్చుని గోళ్ళు కొరుక్కుంటోందని మరిది గోల పెడితే, చెయ్యి పట్టుకుని మా పరిశోధనశాలకి తీసుకెళ్ళి, డాక్టరమ్మ ముందు నిలబెట్టి, "నా చెల్లెల్లాంటిది, పని నేర్పిస్తాను" అని చెప్పాను. ఎవరి నెత్తిన ఎవరు చెయ్యి పెట్టుకున్నారో అప్పుడు నాకేం తెలుసు?

డాక్టరమ్మ అంటే మందులిచ్చే డాక్టరమ్మ కాదు. జ్వరమొచ్చిందని వెళితే, "నాకూ వచ్చింది పెద్దమ్మా, నీ దగ్గర మాత్ర ఉందా?" అని అడిగే రకం. ఆవిడది సముద్రపు నాచు చదువు. నాచులోనూ కంటికి ఆనని నాచు. డయాటమ్ అంటారు దాన్ని. ఒక్కొక్కటీ ఒక గాజు డబ్బా కట్టుకుని, పైన గాజు మూత పెట్టుకుని, లోపల కాపురం చేస్తుంది. చచ్చిపోయినా డబ్బా పోదు. ఆ డబ్బా మీద చారలు, చుక్కలు, గళ్ళు ఉంటాయి. ఒక్కో జాతికి ఒక్కో నగిషీ. ఆ నగిషీని చూసే ఏది ఏ జాతో చెబుతారు. "మనకి ఇటుకలు, దీనికి అద్దాలు. ఏ మేస్త్రీ లేడు పెద్దమ్మా, తానే కట్టుకుంటుంది" అని మొదటి రోజు డాక్టరమ్మ చెప్పింది. మేస్త్రీ లేకుండా ఇల్లు పూర్తయిందంటే నాకు అప్పుడే దానిమీద గౌరవం కలిగింది.

అక్కడ నేను ఇరవై ఆరేళ్ళు సీసాలు కడిగాను. నాది ఐదో తరగతి చదువు. అక్షరాలు కూడబలుక్కుంటే వస్తాయి, లేకపోతే లేదు. కానీ జ్ఞాపకం మాత్రం రాతిమీద గీత. నీళ్ళు వెనక్కి తగ్గిన వేళ మోకాళ్ళ లోతులో నిలబడి, పళ్ళు తోముకునే బ్రష్షుతో రాళ్ళమీది జిగట గీకి సీసాల్లోకి కడగాలి. చీటీ రాయడం నాకు రాదు కాబట్టి సీసా మెడకి రంగు దారం కట్టేదాన్ని. మొదటి రాయి నీలం, రెండోది తెలుపు, మూడోది ఎరుపు. "పోయినేడాది వానల్లో తెల్లదారం సీసా, ఆ రోజు గాలెటు వీచింది?" అని అడిగినా చెప్పేదాన్ని. నేను చెబుతుంటే డాక్టరమ్మ నోటుపుస్తకంలో రాసుకునేది. ఒక్కసారి కూడా ఎదురు అడగలేదు.

గీకిన దాన్ని ఆసిడ్‌లో మరగబెడితే కండ అంతా కరిగి గాజు మిగులుతుంది. ఏడు నీళ్ళు మార్చి కడగాలి. కడిగిన చుక్కని అద్దం ముక్కమీద ఆరబెడితే, ఆ తరవాత మైక్రోస్కోప్ వాళ్ళ పని. అంటే, గీకడం నేను, మరగబెట్టడం నేను, కడగడం నేను. చూడడం ఇంకొకరు. ఇరవై ఆరేళ్ళు అదేమీ నాకు అన్యాయంగా తోచలేదు. పిట్ట వచ్చేదాకా.

పిట్ట మొదటి నెలలో తొమ్మిది సీసాలు పగలగొట్టింది. "అక్కా, ఇవి వాటంతటవే జారుతున్నాయి" అనేది. "అవునే, నిన్ను చూసి సిగ్గుపడి దూకేస్తున్నాయి" అనేదాన్ని నేను. అప్పుడు దానిమీద ప్రేమే. చేతకాని వాళ్ళని ప్రేమించడం సులువు.

ఇంతలో మైక్రోస్కోప్ దగ్గర పనిచేసే అమ్మాయి వేరే ఉద్యోగానికి వెళ్ళిపోయింది. ఆ పనిలో ఒక చిత్రం ఉంది. వేల డబ్బాల్లోంచి ఒక్కదాన్నే ఏరి పక్కన పెట్టాలంటే ఏ పట్టకారూ పనికిరాదు. సన్నటి పుల్ల చివర కనురెప్ప వెంట్రుక ఒకటి అంటించి, దానితో తాకి లేపాలి. మనిషి రెప్ప వెంట్రుకకి మించిన పనిముట్టు ఇంకా ఎవరూ కనిపెట్టలేదట. డాక్టరమ్మ ఒక రోజు నాదొకటి, పిట్టదొకటి, తనదొకటి పీకి మూడు పుల్లలకి అంటించింది. నాది చూసి నవ్వేసింది.

"పెద్దమ్మా, ఇది వెంట్రుకా, చీపురు పుల్లా? మొద్దుగా ఉంది, వంగనే వంగదు."

పిట్టది చూసింది. సన్నగా, కొసన కొంచెం వంపు తిరిగి ఉంది. పిట్ట దానితోనే ఒక డబ్బాని లేపి, పక్క అద్దంమీద పెట్టింది. సీసా పట్టుకుంటే వణికే చెయ్యి వెంట్రుక పట్టుకుంటే రాయిలా నిలబడింది! మర్నాటి నుంచి దానికి కుర్చీ, నాకు సింకు.

"నాకు భయంగా ఉంది అక్కా, నువ్వూ పక్కన కూర్చో" అంది.

"నేను కూర్చుంటే సీసాలు మీ ఆయనొచ్చి కడుగుతాడా?" అన్నాను. నవ్వుతూనే అన్నాను. పళ్ళు మాత్రమే నవ్వాయి.

రెండు నెలలు గడిచాయి. ఒక పొద్దున నేను ఏడో నీళ్ళు మారుస్తుంటే లోపలి గదిలోంచి పిట్ట గొంతు వినిపించింది.

"అమ్మగారూ, దీనికి సొట్ట ఉందండీ."

"విరిగి ఉంటుందమ్మా, పక్కన పెట్టు."

"విరిగితే అంచు గరుకుగా ఉంటుంది కదండీ. ఇది నున్నగా ఉంది. సొట్టతోనే పుట్టింది ఇది."

డాక్టరమ్మ వచ్చి చూసింది. టీ చల్లారింది, నేను మార్చి పెట్టిన టీ కూడా చల్లారింది, ఆవిడ కన్ను ఎత్తలేదు. తరవాత నన్నూ పిలిచి చూడమంది. దోసగింజ ఆకారం. ఒక పక్కన మాత్రం ఎవరో పంటితో నొక్కినట్టు చిన్న సొట్ట. చారలన్నీ ఆ సొట్ట దగ్గరికి వచ్చి, దారిచ్చి పక్కకి తప్పుకున్నట్టు ఒంగాయి. ఎర్రదారం సీసాలోది. నేను గీకిందే.

నాలుగు రోజులు పుస్తకాలు తిరగేశారు. ఎక్కడెక్కడి పండితులకో బొమ్మ పంపారు. ఇలాంటిది ఎప్పుడూ చూడలేదని అందరూ జవాబు రాశారు. డాక్టరమ్మ మమ్మల్నిద్దర్నీ నిలబెట్టి చెప్పింది.

"కొత్త జాతి. దీన్ని వర్ణించి, బొమ్మ వేసి, అచ్చు వేయించి లోకానికి చెప్పాలి. వర్ణించేవాళ్ళు తమ పేరు తాము పెట్టుకోకూడదు, ఇంకొకరిది పెట్టవచ్చు. నేను పిట్ట పేరు పెడతాను. సొట్టని సొట్టగా గుర్తుపట్టిన కన్ను దానిది."

పిట్ట ఏడ్చేసింది. నేను దాని వీపు నిమిరాను. నిమురుతూ ఏమనుకున్నానో చెబితే మీరు నన్ను మళ్ళీ గుమ్మం తొక్కనివ్వరు.

ఇంట్లో ఇంకా అన్యాయం. మరిది వీధి వీధంతా చెప్పుకొచ్చాడు. మా ఆయన భోజనం దగ్గర కూర్చుని, "మనం పోయినా సముద్రం ఉన్నంతకాలం మరదలి పేరు ఉంటుందన్నమాట!" అన్నాడు. నేను గిన్నె దించాను. కాస్త గట్టిగా దించాను.

"ఏంటే, ఇవాళ గిన్నెలు మాట్లాడుతున్నాయి?"

"నేను మాట్లాడితే ఎవరు వింటారు? అందుకని వాటిచేత మాట్లాడిస్తున్నాను."

"నీ పేరు కూడా పెడతారులే ఇంకోదానికి."

"ఎందుకు, నేనేమన్నా సొట్టలు చూశానా? సీసాలు కడుక్కునేదాన్ని!"

అయితే ఒక్కదాన్ని చూసి కొత్త జాతి అని రాయకూడదట. ఆరువేళ్ళవాణ్ణి ఒక్కణ్ణి చూసి ఆ ఊళ్ళో అందరికీ ఆరువేళ్ళే అంటే ఒప్పుకుంటామా? అదీ లెక్క. ఇంకా చాలా దొరకాలి. బతికున్నవి కూడా కావాలి. ఎర్రదారం సీసాలో మిగిలినదంతా పిట్ట చుక్క చుక్కా వెతికితే ఇంకొకటి దొరికింది, అదీ సగానికి విరిగింది. "పెద్దమ్మా, మూడో రాయి దగ్గరికి వెళ్ళి మళ్ళీ గీకు" అంది డాక్టరమ్మ.

గీకాను. మూడు రోజులు గీకాను. ఒక్కటి లేదు.

నాలుగో రోజు సాయంత్రం ఎందుకు లేదో నాకు తెలిసింది.

ఇక్కడ వియ్యపురాలి సంగతి చెప్పాలి. పరిశోధనశాల వెనక గుండ్రటి తొట్టిలో ఒక సముద్రపు తాబేలు ఉండేది. వలలో చిక్కి రెక్కలాంటి ముందుకాలు చీరుకుపోతే పశువుల డాక్టరు తెచ్చి అక్కడ పెట్టాడు, మానాక వదిలేద్దామని. ఒక్క పని చెయ్యకుండా, మూతి ముడుచుకుని, అందరిచేతా సేవలు చేయించుకుంటుందని నేనే దానికి వియ్యపురాలని పేరు పెట్టాను. తొట్టికి "ముట్టుకోరాదు" అని బోర్డు ఉంది. ఆ అక్షరాలు మాత్రం నాకు ఎప్పుడూ కూడబలుక్కున్నా రాలేదు. రోజూ ఇంటికి వెళ్ళేముందు పసుపు పిడి బ్రష్షుతో దాని వీపు రుద్దేదాన్ని. మెడ చాపి, కళ్ళు మూసుకుని, అచ్చం తలంటు పోయించుకుంటున్న పసిపిల్లలా నిలబడేది.

ఆ సాయంత్రం రుద్దుతుంటే దాని చిప్పమీద గోధుమరంగు నూగు బ్రష్షుకి అంటుకుంది. దాన్ని చూస్తుంటే ఎర్రదారం సీసా నింపిన రోజు కళ్ళముందు నిలబడింది. గాలి ఎక్కువగా ఉంది. రెండో రాయి దగ్గర నా నీలం పిడి బ్రష్షు సందులో పడి కొట్టుకుపోయింది. మళ్ళీ గట్టెక్కి ఎవరు వెళతారని, ఏప్రాన్ జేబులో ఉన్న పసుపు పిడి బ్రష్షు తీసి దానితోనే మూడో రాయి గీకాను. కడగలేదు. ఇరవై ఆరేళ్ళలో కడక్కుండా వాడిన బ్రష్షు అదొక్కటే.

సొట్టది రాతిమీది కాపురం కాదు. వియ్యపురాలి వీపుమీది కాపురం.

పరుగున వెళ్ళి చెప్పాల్సింది. కాలు కదపలేదు. తాబేలుని ముట్టుకున్నందుకు ఉద్యోగం పోతుందని భయపడ్డానని చాలాకాలం నాకు నేనే చెప్పుకున్నాను. అది సాకు. భయం కడుపులో చల్లగా ఉంటుంది. నాకు ఆ రోజు కడుపులో వేడిగా ఉంది. సొట్టది దొరక్కపోతే వర్ణన లేదు. వర్ణన లేకపోతే పేరు లేదు. అంతే. నేను ఏమీ చెయ్యక్కర్లేదు, నోరు మూసుకుంటే చాలు. జన్మలో మొదటిసారి నోరు మూసుకున్నాను.

మూడు వారాలు. రోజూ మూడో రాయి గీకేదాన్ని, కొత్త బ్రష్షుతో, ఎంతో శ్రద్ధగా. మరగబెట్టి, ఏడుసార్లు కడిగి, పిట్ట ముందు పెట్టేదాన్ని. అందులో ఏమీ లేదని తెలిసి పెట్టేదాన్ని. పిట్ట పొద్దున్న కూర్చుంటే సాయంత్రానికి లేచేది. కళ్ళు మందారాలైపోయాయి. చుక్కలమందు నాచేతే వేయించుకునేది. రెప్పలు నులుముకుని నులుముకుని వెంట్రుకలు రాలిపోయాయి.

"అక్కా, నీ చేతిలో తప్పుండదు. నా కంటిలోనే ఏదో ఉంది" అంది ఒక రోజు బస్సులో. "దుమ్ముని చూసి కొత్తదని అరిచానేమో. అమ్మగారు పైవాళ్ళందరికీ రాసేశారు. ఇప్పుడు ఆవిడ పరువు పోతుంది నావల్ల."

"నీ మొహం, దొరుకుతుందిలే" అన్నాను. కిటికీలోంచి బయటికి చూస్తూ అన్నాను.

డాక్టరమ్మ కూడా మాటలు తగ్గించింది. పిట్ట చూసిన అద్దాల్ని వెనకాల తను మళ్ళీ చూడడం మొదలుపెట్టింది. అది పిట్ట చూసింది, నేనూ చూశాను.

గురువారం పొద్దున్న నేను సింకు దగ్గరున్నాను. పిట్ట వచ్చి రబ్బరు తొడుగులు తొడుక్కుంది.

"జరుగు అక్కా."

"ఇక్కడేం పనే నీకు?"

"ఇకనుంచి ఇక్కడే. సీసాల పనికే పోతానని అమ్మగారికి చెప్పాను."

"ఆవిడ ఏమంది?"

"సరే అన్నారు."

చూడండి, నేను కోరుకున్నది నా పక్కకే వచ్చి నిలబడింది. నిలబడి నల్లా తిప్పింది. మొదటి సీసా తీసుకుంది. అది జారింది. పగల్లేదు, నేను పట్టుకున్నాను. పిట్ట నవ్వలేదు. "వాటంతటవే జారుతున్నాయి" అనలేదు. "ఏడుసార్లేగా?" అని అడిగింది, ఏమీ రానిదానిలా. ఆ గొంతు విన్నాక నా కడుపులో వేడి ఒక్కసారిగా చల్లారిపోయింది. చల్లారితే మిగిలింది బూడిదే కదా.

అప్పుడే వెనక గేటు దగ్గర లారీ హారన్ మోగింది. వియ్యపురాలి రెక్క మానింది, మధ్యాహ్నం పడవలో తీసుకెళ్ళి వదిలేస్తారని నాకు వారం ముందే తెలుసు. అది వెళితే సొట్టది వెళుతుంది. ఆ తరవాత నేను చెప్పినా చెప్పకపోయినా ఒకటే. ఆ సుఖం కోసమేనేమో అంతవరకూ కాచుకున్నాను.

ఏప్రాన్ జేబులోంచి పసుపు పిడి బ్రష్షు తీసి సింకు గట్టుమీద పెట్టాను.

"పిట్టా, నీ కళ్ళకి ఏ రోగమూ లేదు. రోగం నాకు."

అంతా చెప్పాను. బ్రష్షు కొట్టుకుపోవడం దగ్గర మొదలుపెట్టి, నాలుగో రోజు సాయంత్రం దాకా. పిట్ట మెల్లగా తొడుగులు విప్పింది.

"నాలుగో రోజే తెలుసా నీకు?"

"తెలుసు."

"బస్సులో పక్కన కూర్చున్నప్పుడు తెలుసా?"

"తెలుసే."

"నా కంట్లో మందు వేసింది నువ్వే కదా అక్కా?"

నేను నల్లా కట్టేశాను. పిట్ట నన్ను తిట్టలేదు. బ్రష్షు తీసుకుని డాక్టరమ్మ గదిలోకి పరుగెత్తింది. డాక్టరమ్మ ఒక కాలికి చెప్పు ఉండి, ఒక కాలికి లేకుండా లారీ దగ్గరికి పరుగెత్తింది. నేను వాళ్ళ వెనకాల.

లారీలో చెక్కపెట్టె. అందులో వియ్యపురాలు. "ఇప్పుడెవర్నీ దగ్గరికి రానివ్వదండీ, కోపంగా ఉంది" అని పశువుల డాక్టరు అడ్డం పడ్డాడు. ఈలోగా నేను వచ్చి పిట్ట చేతిలోంచి బ్రష్షు అందుకున్నాను. పసుపు పిడి చూసిందో లేదో, ఆ మహాతల్లి మెడ బారెడు చాపి, కళ్ళు మూసుకుని, వీపు పైకెత్తింది.

"ఇదేంటి, ఇది నాకే ఇలా వీపు ఇవ్వదే!" అన్నాడాయన.

డాక్టరమ్మ నా మొహం చూసింది. ఇక సాక్ష్యం ఎందుకు?

ఆరు సీసాలు నింపాం. దారం కట్టలేదు. చీటీలు పిట్ట రాసింది. వియ్యపురాలు సముద్రంలోకి వెళ్ళిపోయింది, ఒక్కసారి కూడా వెనక్కి తిరిగి చూడకుండా. సాయంత్రానికి మొదటి చుక్క ఆరబెట్టి చూస్తే, సొట్టలే సొట్టలు! దోసకాయ చీరితే గింజలు కనిపించినట్టు.

డాక్టరమ్మ కేకలెయ్యలేదు. నోటుపుస్తకాలన్నీ తెచ్చి నా ముందు బల్లమీద పేర్చింది. నా నడుమెత్తు ఉన్నాయి.

"పెద్దమ్మా, ఇందులో ఉన్నవన్నీ నీ నోటి మాటలే. ఇప్పుడు ఏ మాట నమ్మాలి నేను?"

హెచ్చరిక కాగితం ఒకటి రాసి సంతకం పెట్టించుకుంది. నాకు ఆ కాగితం నొప్పెట్టలేదు. మర్నాటి నుంచి నేను చెబుతుంటే, "ఒక్క నిమిషం" అని పిట్టని పిలిచి సరిచూసుకున్నాకే రాసుకునేది. అది నొప్పెట్టింది.

ఇంట్లో పిట్ట పదకొండు రోజులు నాతో మాట్లాడలేదు. నేను ఎదురుగా ఉండగానే, "బావగారూ, అక్కకి టీ కావాలేమో అడగండి" అనేది. మా ఆయన నావైపు తిరిగి, "టీ కావాలా?" అనేవాడు. "నాకు చెవులున్నాయని చెప్పండి" అనేదాన్ని. "చెవులున్నాయటమ్మా" అని అటు తిరిగేవాడు. పన్నెండో రోజుకి పాపం ఆయన మెడ పట్టేసింది.

ఆ రోజే పరిశోధనశాలలో పిట్ట సింకు దగ్గరికి వచ్చింది. జాతికి గుర్తుగా కలకాలం దాచే అద్దం ఒకటి తయారు చెయ్యాలి. వందల్లోంచి ఒక్క సొట్టదాన్ని, మచ్చలేనిదాన్ని ఏరి, నడిమధ్యన పెట్టి, చుట్టూ సున్నా గియ్యాలి. రేపు లోకంలో ఎవరికి అనుమానమొచ్చినా ఆ ఒక్కదాన్నే తీసి చూస్తారు.

పిట్ట నా మొహం చూడకుండా అంది.

"ఆసిడ్‌లో కరగని తాబేలు నూగుతో అతుక్కుని సొట్టది మొండికేస్తోంది. నా వెంట్రుక వంగిపోతోంది. అమ్మగారిదీ వంగింది."

"అయితే?"

"అయితే ఏముంది. మొద్దు వెంట్రుక కావాలి."

చేతులు తుడుచుకుని స్టూలుమీద కూర్చుని మొహం ఎత్తాను. పిట్ట ఎడమచేత్తో నా గడ్డం పట్టుకుని, కుడిచేత్తో పట్టకారు కంటి దగ్గరికి తెచ్చింది. ఒకటి పీకింది. ఆగింది. ఇంకోటి పీకింది. ఆ రెండోది ఇంకా గట్టిగా.

"ఒకటే కదే కావాలి!"

"రెండోది నాకోసం" అంది పిట్ట. నా కంట్లోంచి నీళ్ళు కారాయి. పీకితే కారవూ మరి!

ఆ అద్దం ఇప్పటికీ అక్కడి బీరువాలో ఉంది. దానిమీద పిట్ట పేరు ఉంది. అచ్చయిన కాగితంలో ఉంది, నడవలో గోడకి వేలాడేసిన పెద్ద బొమ్మ కింద ఉంది. ఆ బొమ్మ ముందునుంచి బకెట్ పట్టుకుని వెళ్ళినప్పుడల్లా నా కడుపులో కాస్త చురుక్కుమనేది, లేదని అబద్ధం చెప్పను. అబద్ధాల కోటా అయిపోయింది నాది. కానీ మొదటిసారి ఆ అద్దాన్ని మైక్రోస్కోప్ కింద పెట్టినప్పుడు పిట్ట నన్ను పిలిచి తన కుర్చీలో కూర్చోబెట్టింది. సున్నా మధ్యలో సొట్టది నిటారుగా నిలబడి ఉంది, గాజు మెరుస్తోంది, అంచున ఎక్కడా చిన్న గీత కూడా లేదు.

"చూడు, ఎక్కడా గీసుకోలేదు" అంది పిట్ట నా భుజంమీదుగా వంగి. "మొద్దుదే అయినా, పని తెలిసిన వెంట్రుక."

"ఉద్యోగం ఇప్పించింది ఎవరనుకున్నావే?" అన్నాను కన్ను తియ్యకుండా.